గోస్తని వెంట ఒక్కో రోజు
(విశాఖపట్నంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ వారోత్సవాలలో ప్రతి సాయంత్రం ఒక పుస్తకం గురించి మాట్లాడే ఆనవాయితీ ఉన్నప్పటికీ, ఈ పూట మాత్రం మన ఊరి నుంచి పొద్దున బయలుదేరి రాత్రి భోజనాల వేళకు ఇంటికి చేరుకోగల చోట్ల గురించి చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ముప్పై ఏళ్లు బడిలో భూగోళ పాఠం చెప్పినవాణ్ణి గనుక, ఆ పాఠంలో సగం బడి గోడల బయటే ఉందని నమ్మి ఏటా పిల్లలను వెంటబెట్టుకుని తిరిగినవాణ్ణి గనుక, ఈ మాట అడగగానే ఒప్పుకున్నాను.

సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, ఇంకా దూరాన అమెరికా నుంచి వచ్చిన బంధువులు మనల్ని అడిగే మొదటి ప్రశ్న, ఇక్కడ చూడవలసినవి ఏమేం ఉన్నాయి అన్నది. మనం వెంటనే వేళ్లు మడుస్తూ సింహాచలం, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, రుషికొండ, అరకు అని జాబితా చెప్పేస్తాం. ఆ జాబితాలో తప్పేమీ లేదు. అయితే ఏ చోటుకు వెళ్లాలి అని అడిగే ముందు ఏ నీటి వెంట వెళ్లాలి అని అడగడం మొదలుపెడితే ఈ తీరం మనకు ఇంకో విధంగా కనిపిస్తుందని నా అనుభవం. ఇక్కడి కొండల పేర్లలో నీరుంది, ఎర్రమట్టి దిబ్బల రూపాన్ని చెక్కింది నీరు, మన బొర్రా గుహలను తొలిచింది నీరు, మన భీమిలి రేవు ఒక ఏటి మొగ దగ్గర పుట్టింది. ఆ ఏరు గోస్తని. ఈ సాయంత్రం నా మాటలన్నీ దాదాపుగా ఆ ఏటి చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొమ్మిదో తరగతి పిల్లలను ఒక అద్దె బస్సులో ఎక్కించుకుని ఒక్క రోజులో ఏడు చోట్లు చూపించాను. ఏప్రిల్ నెల, పరీక్షలు అయిపోయిన మరునాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు తొట్లకొండ ఎక్కాం. మాతో వచ్చిన ఒక పెద్దావిడ, మా బడిలోనే పనిచేసే ఆయా, స్తూపం దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఒక పిల్లవాడు తన నీళ్ల సీసా ఆమె తల మీద వొంపాడు. ఆ తరువాత మిగిలిన నాలుగు చోట్లా పిల్లలు బస్సు దిగడానికే ఇష్టపడలేదు. వారం తిరిగాక ఆ ప్రయాణం గురించి రాయమంటే, నలభై మంది పిల్లలలో ముప్పై మందికి పైగా బస్సులో పాడుకున్న పాటల గురించే రాశారు. తప్పు పిల్లలది కాదు, ఎండది అంతకన్నా కాదు. ఈ తీరంలో ఎండ ఎలా నడుస్తుందో తెలిసి కూడా దానికి ఎదురు వెళ్లినవాణ్ణి నేను.

ఆ ఎండ నడక సంగతి కాస్త చెప్పుకుందాం. మన దగ్గర ఒళ్లు మండించే ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ. గాలిలో తేమ నిండి ఉండడం వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒంటికి చల్లదనం అందదు. అందుకే రాయలసీమలో నలభై డిగ్రీలలో నడిచిన మనిషి కూడా ఇక్కడ ముప్పై నాలుగు డిగ్రీలకే అలసిపోతాడు. రాత్రంతా నేల సముద్రం కన్నా త్వరగా చల్లబడి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. తెల్లవారుజామున తెరచాప ఎత్తిన పడవలు సులువుగా లోపలికి పోయేవి ఆ గాలి సాయంతోనే. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రపు గాలి రావడం మొదలవుతుంది. ఈ రెండు గాలులూ మారే మధ్య వేళ, అంటే సుమారు తొమ్మిది నుంచి పదకొండు దాకా, ఆకు కదలదు. కొండ ఎక్కేవాళ్లు ఆ వేళకు దిగి ఉండాలి. నడిమధ్యాహ్నం నీడపట్టున గడపాలి. మూడున్నర దాటాక, సముద్రపు గాలి నిలకడగా వీస్తున్నప్పుడు, మళ్లీ ఆరుబయటకు రావాలి. ఒక రోజులో రెండు చోట్లు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇంతకు మించి పెట్టుకోవద్దని ఆ ఏప్రిల్ తరువాత నాకు నేనే నియమం పెట్టుకున్నాను. కాలం విషయానికి వస్తే, తుఫానుల భయం తగ్గిన నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు.

ఇప్పుడు తొట్లకొండకే సరైన వేళకు వెళదాం. భీమిలి వెళ్లే సముద్రపు దారిలో ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి నూట ఇరవై మీటర్లకు పైగా ఎత్తున ఈ కొండ ఉంది. 1970లలో నావికాదళం తమ అవసరాల కోసం ఈ ప్రాంతంలో విమాన సర్వే జరిపినప్పుడు కొండ మీది కట్టడాల జాడలు బయటపడ్డాయి. 1988లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టి, నాలుగైదేళ్లలో మహాస్తూపాన్ని, చైత్యాలను, భిక్షువులు నివసించిన గదుల వరుసలను, భోజనశాలను వెలికితీసింది. శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందట సముద్రం ఆవలి వర్తకంతో ఈ కొండకు ఏదో బంధం ఉండేదని చెప్పడానికి ఆ నాణేల కన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయితే కొండకు పేరు తెచ్చింది నాణేలూ కావు, స్తూపమూ కాదు. బండరాతిలో తొలిచిన నీటి తొట్లు. మొదట అక్కడికే వెళ్లండి. పొద్దున ఆరున్నరకు ఆ తొట్టి అంచున మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూస్తే, రాతి గోడల మీద వరుసగా ఉలి దెబ్బల గీతలు పైనుంచి కిందికి ఏటవాలుగా కనిపిస్తాయి. వాన పడినప్పుడు బండ మీద పారే నీరు ఎటు జారుతుందో గమనించి, ఆ జారుడుకు సరిగ్గా కింద తొట్టిని తొలిచారు. నీరు ఎటు పోతుందో తెలుసుకోవడానికి పిల్లల చేత బండ పైభాగాన ఒక గ్లాసు నీళ్లు పోయించేవాణ్ణి. ఆ సన్నని తడి చార మెలికలు తిరుగుతూ, ఆగుతూ, చివరకు తొట్టి వైపుకే చేరేది. బౌద్ధ భిక్షువులు వానాకాలంలో ఊరూరా తిరగడం మాని ఒకేచోట వర్షావాసం ఉండాలన్న నియమం వారికి ఉంది. కొండ మీద వాన నీరే తాగునీరు. ఊట లేని కొండ మీద పదుల సంఖ్యలో మనుషులు ఏళ్ల తరబడి బతకడానికి ఏర్పాటు ఏమిటో ఒక గ్లాసు నీళ్లతో పిల్లలకు తెలిసిపోయేది.

పక్కనే ఉన్న బావికొండ పేరు కూడా ఇటువంటిదే, వాన నీటిని పట్టి ఉంచడానికి తవ్విన బావుల వల్ల వచ్చిన పేరు. అక్కడి తవ్వకాలలో ఒక మట్టి పాత్రలో ఎముక ముక్క దొరికింది, అది బుద్ధుని ధాతువు, అంటే ఆయన శరీర అవశేషం, కావచ్చునని భావించారు. భీమిలి పక్కనున్న పావురాళ్లకొండ మీద సైతం రాతిలో తొలిచిన తొట్లే మనల్ని పలకరిస్తాయి. మూడు కొండలు, ఒకటే ఆలోచన. ఒక్క మనవి చేసుకుంటాను. 2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు తొట్లకొండ మహాస్తూపం కూలిపోతే తిరిగి కట్టవలసి వచ్చింది. ఇటుకల అంచులు అంత సున్నితమైనవి. ఫొటో కోసం వాటి మీదికి ఎక్కే పిల్లలను, పెద్దలను కూడా, దయచేసి వారించండి.

సాయంత్రపు చోటు ఎర్రమట్టి దిబ్బలు. తొట్లకొండ దాటి భీమిలి వైపు వెళితే, సముద్రానికి ఆనుకుని సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున ఈ దిబ్బలు పరుచుకుని ఉంటాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన తిరుమల కొండలతోపాటు వీటికీ చోటు దక్కింది. ఇటువంటి ఎర్ర ఇసుక తిన్నెలు మన దేశంలో తమిళనాడు దక్షిణ తీరాన కొన్నిచోట్ల, ఆవల శ్రీలంకలో ఉన్నాయి. అంతకు మించి చాలా అరుదు.

ఎర్రమట్టి అంటున్నాం గాని, చేతిలోకి తీసుకుంటే అది చాలావరకు ఇసుకే. మంచుయుగంలో భూమి మీది నీరు చాలా భాగం మంచుగా గడ్డకట్టి సముద్ర మట్టం తగ్గినప్పుడు, ఇప్పుడు నీటి అడుగున ఉన్న నేల ఎంతో మేర బయటపడింది. ఆ ఆరిన ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి కొండల పాదాల దగ్గర పోగులు పోసింది. తూర్పు కనుమల కొండరాళ్ల నుంచి వాగులు కోసుకొచ్చిన ఒండ్రు కూడా అందులో కలిసింది. వేల ఏళ్ల పాటు వాన, ఎండ మార్చి మార్చి తగలడంతో ఇసుకలోని ఇనుము గల ఖనిజాలు శిథిలమై, తుప్పు వంటి పొర ఒక్కొక్క రేణువును చుట్టుకుంది. ఆ పొరే ఈ ఎరుపు. ఆ తరువాత మళ్లీ నీరు తన పని మొదలుపెట్టింది. వదులుగా ఉన్న దిబ్బల మీద పడిన ప్రతి వానా ఒక చిన్న గాడి చేసుకుంది. గాడి వాగైంది, వాగు లోయైంది, లోయల మధ్య మిగిలిన ఇసుక గోడలు కోట బురుజుల వలె నిలబడ్డాయి.

నాలుగున్నరకు ఒక వాగు గర్భంలోకి దిగి నిలబడండి. రెండు వైపులా గోడలు మనిషి ఎత్తుకు రెండు మూడింతలు ఉంటాయి. పక్కనున్న గోడను దగ్గరగా చూస్తే, జీడిమామిడి వేళ్లు గోడలోంచి బయటకు వచ్చి గాలిలో వేలాడుతుంటాయి. నిన్నో మొన్నో వాన పడి ఉంటే, గోడ అడుగున విసనకర్ర ఆకారంలో మెత్తని ఇసుక జారి పరుచుకుని ఉంటుంది. దాని మీద చీమల బారు, ఏదో పక్షి మూడు వేళ్ల గుర్తులు. అయిదు దాటాక పడమటి ఎండ ఆ గోడల మీద ఏటవాలుగా పడినప్పుడు ఇటుక రంగు, కుంకుమ రంగు, పసుపు కలిసిన కావి రంగు పొరలు పొరలుగా విడివిడిగా కనిపిస్తాయి. ఆ రంగుల కోసమే సాయంత్రం వెళ్లమంటున్నాను. గోడల మీద పేర్లు చెక్కడం, అంచుల మీద నుంచి కిందికి జారడం వంటివి చేస్తే మాత్రం, ఒక వానాకాలం చేయవలసిన కోతను మన కాళ్లు ఒక్క సాయంత్రంలో చేసేస్తాయి. వాగు అడుగు మీదనే నడవాలి, గోడ ఎక్కకూడదు. మా పిల్లలకు ఇదొక్కటే నియమం చెప్పేవాణ్ణి, వాళ్లు దానిని పాటించేవారు.

దిబ్బలు దిగితే సముద్రం. ఇక్కడ నా గొంతు కొంచెం కఠినమైతే మన్నించండి. మన తీరంలో చాలాచోట్ల నేల ఉన్నట్టుండి లోతవుతుంది, ఒడ్డుకు వచ్చిన కెరటం వెనక్కి మళ్లేటప్పుడు ఇసుకను కాళ్ల కిందనుంచి లాగేస్తుంది. ఒక్కొక్కచోట ఆ వెనుదిరిగే నీరంతా ఒకే పాయగా చేరి వేగంగా లోపలికి పోతుంది. కెరటాలు విరగకుండా నునుపుగా, ప్రశాంతంగా కనిపించే పట్టీ చాలాసార్లు ఆ పాయే. అమాయకంగా అక్కడే దిగుతాం. ప్రతి ఏటా ఎందరో పిల్లల్ని, అందులోనూ ఎక్కువగా బయటి ఊళ్ల నుంచి స్నేహితులతో వచ్చిన చదువుకునే కుర్రాళ్లను, మనం పోగొట్టుకుంటున్నాం. స్నానం చేయాలని ఉంటే రక్షకులు ఉన్నచోటనే, వారు హద్దు పెట్టినంత మేరకే దిగాలి. శుభ్రమైన, భద్రమైన తీరాలకు ఇచ్చే నీలి జెండా గుర్తింపును 2020లో పొందిన రుషికొండలో అటువంటి ఏర్పాటు ఉంది. మిగిలిన చోట్ల ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుణ్ణి అడగండి. అతను వద్దంటే ఇక మాట్లాడకండి. పాదాలు తడుపుకుని వచ్చేయండి.

ఒడ్డున కూర్చుని చూసేవాళ్లకు కూడా కావలసినంత ఉంది. భీమిలి ఇసుకలో నల్లటి చారలు, అక్కడక్కడ వంకాయ రంగు చారలు కనిపిస్తాయి. నలుపు ఎక్కువగా ఇల్మనైటు, ఆ వంకాయ రంగు గోమేధికం వంటి గార్నెటు. కొండల రాళ్లు అరిగి ఏరుల మీదుగా సముద్రంలోకి చేరిన బరువైన రేణువులు అవి. తేలిక ఇసుకను కెరటం ఈడ్చుకుపోగా ఇవి మిగిలిపోతాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ మన ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వారు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. ఆ ఉదయాన్ని చూసిన పిల్లవాడికి మరో పాఠం అక్కరలేదు. ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ అరవై ఒక్క రోజులు తూర్పు తీరమంతా నిషేధం పాటిస్తారు. రేవుల్లో పడవలన్నీ వరుసగా కట్టేసి కనిపిస్తే కారణం అది.

ఇక గోస్తని మొగ. భీమునిపట్నం పేరు వినగానే సముద్రమే గుర్తుకొస్తుంది గాని, ఆ ఊరిని నిలబెట్టింది ఏరు. ఏటి మొగ దగ్గర చిన్న పడవలకు ఆసరా దొరికింది. లోపలి ఊళ్ల నుంచి వచ్చే సరకుకు, బట్టలకు, ధాన్యానికి అది దారి అయింది. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ స్థిరపడి వర్తకం సాగించారు. 1824 నాటి ఒప్పందం తరువాత 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లో పురపాలక సంఘం ఏర్పడింది, దేశంలో ముందుగా ఏర్పడిన పురపాలక సంఘాలలో అది ఒకటి. సముద్రానికి దగ్గరలోనే డచ్చివారి సమాధుల తోట ఉంది. కొన్ని సమాధులు శిఖరాల వలె మొన తేలి ఉంటాయి. రాతి మీది అక్షరాలను ఉప్పు గాలి కొరికివేసింది. వేళ్లతో తడిమితే చదవగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎక్కడో పుట్టి ఇక్కడి జ్వరాలకు, ఇక్కడి ఎండకు చిన్న వయసులోనే కన్నుమూసిన మనుషులు. ఆ రాళ్ల దగ్గర పిల్లలు తమంతట తామే గొంతు తగ్గించి మాట్లాడడం నేను చాలాసార్లు గమనించాను.

అక్కడి నుంచి మొగ దగ్గరికి నడవండి. వేసవిలో ఏరు సన్నబడి, కెరటాలు ఎగదోసిన ఇసుక కట్ట వెనుక నిలిచిపోతుంది. వానలు పడ్డాక ఆ కట్టను తెంచుకుని ఎర్రని నీటితో సముద్రంలోకి దూకుతుంది. ఆ రోజుల్లో తీరం వెంబడి కొంత దూరం వరకు సముద్రానికి రెండు రంగులు.

ఈ నీరు పుట్టిన చోటును చూడడానికి ఇంకో రోజు కేటాయించాలి. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా ప్రవహిస్తుంది. మేత మేస్తున్న ఆవు ఒకటి పైనున్న కన్నంలోంచి గుహలో పడిందని, దానిని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని, ఆ లింగం మీద ఆవు ఆకారంలో ఉన్న రాతి పొదుగు నుంచే ఏరు పుట్టిందని అక్కడి గిరిజనులు చెప్పుకుంటారు. గోస్తని అంటే ఆవు పొదుగు. శివరాత్రికి చుట్టుపక్కల గూడేల వారంతా ఆ గుహలోని శివుణ్ణి కొలుస్తారు. ఆ రోజు అక్కడికి వెళితే మనం యాత్రికులమే తప్ప పర్యాటకులం కాము.

బొర్రాకు రోడ్డు దారిలో వెళ్లవచ్చు, కాని ఒక్కసారైనా రైల్లో వెళ్లమని కోరుతాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం అది. ఉదయం మన స్టేషను నుంచి బయలుదేరే కిరండూల్ రైలు శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలుపెట్టి, ఒకదాని వెంట ఒకటిగా పదుల సొరంగాలు దూరి బయటకు వస్తుంది. సొరంగంలోకి వెళ్లిన ప్రతిసారీ పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తారు, వెలుతురు రాగానే ఆపుతారు. సముద్రపు ఒడ్డు నుంచి ఏడు వందల మీటర్ల ఎత్తుకు ఒకే పొద్దున చేరుకుంటున్నాం. కిటికీలోంచి చేయి బయట పెడితే గాలి చల్లబడుతున్న సంగతి చర్మానికే తెలుస్తుంది. 2017 నుంచి అద్దాల పెట్టెలు కూడా తగిలిస్తున్నారు గాని, మామూలు పెట్టె కిటికీ పక్కన వచ్చే తడి ఆకు వాసన అందులో రాదు.

గుహలో దీపాల రంగులు చూసి, రాళ్లలో శివపార్వతులను, తల్లీబిడ్డలను, మొసలిని చూపించే గైడు మాటలు విని చాలామంది వెనుదిరుగుతారు. నా కోరిక ఇంకొకటి. జనం పలచగా ఉన్న మూల ఒక చోట ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. పైకప్పు నుంచి వేలాడే రాతి కొసన ఒక నీటి చుక్క ఊరి, పెద్దదై, వణికి, కిందనున్న రాతి మొలక నెత్తిన పడుతుంది. వాన నీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పులుపెక్కి సున్నపురాయిని కరిగిస్తుంది. గుహలోని గాలి తగిలినప్పుడు ఆ వాయువును వదిలేసి, కరిగిన సున్నాన్ని చుక్క ఉన్నచోటనే మిగిల్చి పోతుంది. పైది కిందికి, కిందది పైకి పెరుగుతూ ఎప్పటికో కలుసుకుని స్తంభమవుతాయి. మన జీవితకాలంలో ఆ పెరుగుదల కంటికి ఆనదు. వేలితో ముట్టుకుంటే చేతి జిడ్డు అంటి అక్కడ సున్నం పట్టడం మానేస్తుంది గనుక, చేతులు వెనక్కి కట్టుకుని చూడమని పిల్లలకు చెప్పండి.

కొండ దిగిన గోస్తనిని తాటిపూడి దగ్గర 1960లలో ఆనకట్ట కట్టి నిలిపారు. మన ఊరి కుళాయిల్లో కొంత భాగం ఆ నీరే. జలాశయం ఒడ్డున మధ్యాహ్నపు భోజనానికి మంచి నీడ ఉంటుంది.

గోస్తనిని కాసేపు వదిలి ఇంకో ఏటి ఒడ్డుకు వెళ్లకపోతే నా మాట అసంపూర్ణమవుతుంది. ఎలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. ఊరి పేరులోనే ఏరుంది. ఉక్కపోసే నడిమధ్యాహ్నం గడపడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు, ఎందుకంటే ఇక్కడ చూడవలసినదంతా కప్పు కింద, నీడలో జరుగుతుంది. అంకుడు కర్రను ఎండబెట్టి లేతు మిషనుకు బిగిస్తారు. కర్ర గిర్రున తిరుగుతుండగా కళాకారుడు ఉలి ఆనించగానే తెల్లని పొట్టు రిబ్బనులా లేచి అతని మోకాళ్ల మీద పడుతుంది. కుంకుమ భరిణె ఆకారం రెండు నిమిషాల్లో తేలుతుంది. అప్పుడు రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు అదిమిపెడతాడు. రాపిడి వేడికి లక్క కరిగి సన్నని పొరగా కర్రను చుట్టుకుంటుంది, గది నిండా కమ్మని లక్క వాసన. చివరగా ఒక ఎండు మొగలి ఆకు మడిచి గట్టిగా పట్టుకుంటాడు. అంతవరకు మసకగా ఉన్న రంగు అద్దంలా మెరుస్తుంది. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం వంటి చెట్ల రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి ఎన్నో ఏళ్లు శ్రమించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులు. అక్కడికి వెళితే బేరమాడకుండా కొనండి. ఆ భరిణె వెనుక అంకుడు చెట్టు పెరిగిన ఏళ్లు, అంతకన్నా చేయి తిరగడానికి పట్టిన ఏళ్లు ఉన్నాయి.

వెంట తీసుకెళ్లవలసినవి పెద్దగా ఏమీ లేవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తలగుడ్డ లేదా గొడుగు, కాలికి పట్టుండే చెప్పులు. తిండికి పులిహోర, పెరుగన్నం చాలు. పొద్దున బయలుదేరే ముందు మజ్జిగ కలిపిన చోడంబలి, అంటే రాగి అంబలి, తాగి వస్తే మధ్యాహ్నం దాకా ఎండ దెబ్బ దగ్గరకు రాదని మా అమ్మ చెప్పేది, ఇన్నేళ్లలో నేను అది తప్పలేదు. దారిలో వేసవి మొదట్లో ముంజలు, సంక్రాంతి రోజుల్లో తేగల కట్టలు అమ్ముతారు. వాటిని కొనండి, తొక్కలను మాత్రం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ఇంట్లో వదిలి వెళ్లకండి. తొట్లకొండ పైదాకా కారు వెళుతుంది, భీమిలి సమాధుల తోట చదును నేల మీదే ఉంది, ఏటికొప్పాకలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. దారి పొడుగునా ఊళ్ల పేర్లకు కారణాలు చెప్పేది వారే.

చివరగా పద్మనాభం. తాటిపూడికి, భీమిలికి నడుమ గోస్తని ఒడ్డున ఒంటరిగా లేచిన కొండ, దాని మీద అనంత పద్మనాభస్వామి, పాదం దగ్గర కుంతీమాధవుని గుడి. 1794 జూలై 10న ఈ కొండ దగ్గరే విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు, పేష్కషు, అంటే కప్పం, బకాయిల పేరుతో తన మీదికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి, తన వెంట నిలిచిన వారితోపాటు ప్రాణాలు విడిచాడు. మన పాఠ్యపుస్తకాలు బొబ్బిలికి ఇచ్చినంత చోటు ఈ యుద్ధానికి ఇవ్వలేదన్న బాధ నాకుంది. కొండ పైనుంచి చూస్తే ఆ పొలాలు, వాటి పక్కన మెలిక తిరిగిన ఏరు, తూర్పున సన్నని నీలి గీతగా సముద్రం ఒకే చూపులో అందుతాయి. ఈ సాయంత్రం నేను చెప్పిన చోట్లలో చాలావాటిని మెడ తిప్పుతూ గుర్తుపట్టవచ్చు.

కార్తీక అమావాస్య నాడు అక్కడి పన్నెండు వందల పైచిలుకు మెట్లకూ దీపాలు పెడతారు. ఈ ఏడు ఆ అమావాస్య ఇంకా రాలేదు. మూడున్నరకు ఊరి నుంచి బయలుదేరితే ఎండ తగ్గాక మెట్లు ఎక్కి, చీకటి పడే వేళకు దీపాల మధ్యనుంచి దిగవచ్చు. నూనె, వత్తులు, ప్రమిదలు ఇంటి నుంచి తెచ్చుకోండి, పాదాలకు సెగ తగలకుండా చీరకొంగులు, పంచె అంచులు ఎత్తి పట్టుకుని నడవండి, పిల్లల చేయి వదలకండి. నేను మూడో మలుపు దగ్గర, రాతి అరుగు మీద కూర్చుని ఉంటాను. నమస్కారం.